సెల్లార్‌లో తడి అడుగులు

దెయ్యాలన్నా మహిమలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆత్మకూరు–ఉదయగిరి రూట్లో బస్ కండక్టర్‌ని. మలుపులో ఎవరో చెయ్యెత్తి బస్సు ఆపారనీ, తీరా చూస్తే మనిషే లేడనీ డ్రైవర్లు చెబుతుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నా మాట విని వాళ్ళు నవ్వినా ఏమీ అనలేను.

ఉదయగిరిలో మా ఇల్లు కొండవాలులో ఉంది. వెనక సందులోంచి నేరుగా సెల్లార్‌లోకి వెళ్ళొచ్చు. పోయినేడు దానికి కాంక్రీట్ పోయించాం. అప్పటికే అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది. లేపి నిలబెడితే ఎడమ కాలు ఈడ్చేది. నడిపిస్తే కోలుకుంటుందని డాక్టర్ చెప్పినా మంచం దిగేది కాదు. "నన్నిట్నే వదిలెయ్యండి" అని గోడవైపు తిరిగి పడుకునేది. తిండి కూడా తగ్గించేసింది.

ఎండాకాలంలో సెల్లార్ చల్లగా ఉంటుంది. అక్కడ మంచి ఫ్లోరింగ్ వేయించి ఎలాగైనా నడిపిద్దామనుకున్నాను. టైల్స్ జారతాయి. చెక్క తేమకు ఉబ్బుతుంది. చివరికి పడినా పెద్దగా దెబ్బ తగలని మెత్తటి వినైల్ షీట్ ఎంచుకున్నాను.

ఏఎస్ పేట నుంచి వచ్చిన మేస్త్రి సుభాన్, ముందు తేమ చూడాలన్నాడు. "కింద నెమ్ము ఉండాదంటే గమ్ము పట్టదక్కా. షీటు బుడగలొచ్చి లేచిపోతాది." కాంక్రీట్ మీద పెద్ద పాలిథిన్ కవర్ పరిచి, చుట్టూ టేపు అంటించాడు. రాత్రికి సెల్లార్‌కి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

పొద్దున కవర్ ఎత్తితే అంతా పొడిగా ఉంది, తలుపు దగ్గర తప్ప. అక్కడ రెండు పాదాల ఆకారంలో నల్లటి తడి.

"ఎవురో తడికాళ్ళతో తొక్కినట్టుండారు" అన్నాడు సుభాన్. ఫ్యాన్ పెట్టి బాగా ఆరబెట్టి, మళ్ళీ కవర్ అంటించాం.

మర్నాటికి అడుగులు గది మధ్యదాకా వచ్చాయి. టేపు ఎక్కడా ఊడలేదు. మొదటి అడుగులు ఈడ్చినట్టు చెదిరి ఉన్నాయి. పోనుపోను తేటపడ్డాయి. ఎడమ పాదంలో చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది.

చిన్నప్పుడు ఎద్దుల బండి చక్రం ఎక్కి విరిగిన అమ్మ వేలు అచ్చం అలాగే ఉంటుంది. అమ్మ ఆ కాంక్రీట్ మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

సుభాన్ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

ఎందుకో అమ్మకు చూపించాలనిపించింది. ఇద్దరం కుర్చీలో మోసుకొచ్చాం. ఆమె చాలాసేపు చూసింది.

"నా కాళ్ళేనే ఇవి" అంది. "నన్ను లేపు."

ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో. చెరో పక్కా పట్టుకున్నాం. తడి గుర్తు మీద పాదం పెట్టింది. సరిగ్గా సరిపోయింది. చెదిరిన చోట ఆమె కాలూ ఈడ్చుకుపోయింది. తేటగా ఉన్న చోట పైకి లేచింది. గుర్తులు అయిపోయాక ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మా చేతులు వదిలించుకుని, పొడి కాంక్రీట్ మీద ఇంకో అడుగు వేసింది.

సుభాన్ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మళ్ళీ కవర్ అంటించి చూస్తే చుక్క తడి లేదు. వినైల్ వేయించాం. ఇంతవరకూ ఎక్కడా బుడగ రాలేదు. కొత్త కాంక్రీట్‌లో నీరు ఉంటుందని తెలిసినవాళ్ళు అంటారు. కాదనను. కానీ ఆ నీటికి మా అమ్మ చిటికెనవేలు ఎలా తెలిసింది?

అమ్మనడిగితే, "నడిచినాను గదా, ఇంకేం గావాల నీకు" అంటుంది. నాకు మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.