ఇద్దరు శెట్ల మధ్య తిరిగిన వెబ్‌సైట్

నేను చేసిన వెబ్‌సైట్ చూసి మొన్నామధ్య బేతంచెర్లలో ఒకాయనకు తల తిరిగిందప్పా. ఏదో మాటకు అంటాండేది కాదు. నిజంగానే కండ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి ఆనుకున్యాడు.

కర్నూలులో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండాది కదా. వెబ్‌సైట్లు కూడా చేసిస్తామని బోర్డు పెట్టి ఏడాదైంది. వచ్చిన గిరాకీ మాత్రం ఒక్కటే. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే శెట్టి అన్నదమ్ములు. ఈ పని కుదిరితే ఆ రోడ్డులో ఉండే ఫ్యాక్టరీలన్నీ నా దగ్గరికే వస్తాయని శానా ఆశ పెట్టుకున్యా.

తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ చేసినా. పెద్దశెట్టి ఫోన్ చేసె. "ఏమప్పా, ఎవురు ఇంగ్లీషు పేజీ తెరిచినా తెలుగుకే రావల్ల." సరేన్నా, అంటిని. రెండు సెకండ్లకు తెలుగులోకి పోయేట్టు ఇంగ్లీషు పేజీలో రీడైరెక్ట్ పెట్టినా.

మర్నాడు చిన్నశెట్టి ఫోను. "బెంగళూరు పార్టీ వస్తాండాడు. తెలుగు పేజీ తెరిస్తే ఇంగ్లీషుకు పోవల్ల. అన్నకు మాత్రం చెప్పొద్దు." ఆ ఇంట్లో తమ్ముడు అన్న ముందర నోరెత్తడు, ఏదున్నా నాలాంటోళ్లతో చేయిస్తాడు. దానికీ సరేన్నా, అంటిని. తెలుగు పేజీలో ఇంకో రీడైరెక్ట్ పెట్టినా. మరి పాతది తీసెయ్యల్ల కదా? పెద్దాయన మాట తీసేసేకి నాకు ధైర్యం యాడిది! ఒకసారన్నా తెరిచి చూసుకోలా.

బెంగళూరాయన వచ్చిన రోజు నన్నూ పిలిపించినారు. నచ్చితే ఆయన కట్టే అపార్ట్‌మెంట్లన్నిటికీ బండలు వీళ్లవే. సైట్ తెరిచినా. తెలుగు వచ్చె. పెద్దశెట్టి మీసం దువ్వె. రెండు సెకండ్లకు ఇంగ్లీషు. చిన్నశెట్టి మొగం వెలిగె. మళ్లీ తెలుగు. మళ్లీ ఇంగ్లీషు.

"ఆ నల్లబండ... అదే, ఆపండి" అని బెంగళూరాయన వేలు పెట్టేలోపలే పేజీ మారిపాయె. బ్యాక్ కొట్టినా అదే తిప్పుడు. ఆయన తల తిరిగి కండ్లు మూసుకుని వెనక్కి ఆనుకున్యాడు. పెద్దశెట్టి తమ్ముని పక్క చూసె, తమ్ముడు నా పక్క చూసె, నేను ఫ్యాను పక్క చూస్తి. సిగ్గుతో సచ్చిపోయినా.

"ఏందప్పా ఇది?" అన్యాడు పెద్దశెట్టి.

"మీ ఇద్దరి మాటా విన్యాన్నా" అంటూ ఉన్నదంతా కక్కేసినా.

పెద్దాయన తమ్మున్ని చూసి, "నాతోనే చెప్పింటే ఏమిరా?" అన్యాడు.

"భయమేసిందన్నా."

బెంగళూరాయన కండ్లు తెరవకుండానే, "ముందు దాన్ని ఆర్పండి. బండలు బయటే ఉన్నాయి కదా, పోయి చూద్దాం" అన్యాడు. బయటికి పోయి చేత్తో తడిమి చూసి, ఆడనే ఆర్డర్ ఇచ్చేసినాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ రీడైరెక్టులు రెండూ పీకేసి, తెలుగుకొక బటన్, ఇంగ్లీషుకొక బటన్ పెట్టి బస్సెక్కినా.

రెండు దినాలకు పక్క ఫ్యాక్టరీ ఓనర్ మా సెంటర్‌కే వచ్చినాడు. "శెట్లోళ్ల సైట్లో భాషలు వాటంతటవే మారుతాండాయంట కదప్పా. అది చూసే బెంగళూరాయన పడిపోయినాడంట. మాకూ అట్లాంటిదే చెయ్యి. హిందీ కూడా కలుపు."

కాదు సార్, అది తప్పు, అని చెప్పొచ్చు కదా? సరేన్నా, అంటిని. తెలియక ఐదు నిమిషాల్లో చేసిన తప్పును ఇప్పుడు కావాలని చేసేకి వారం నుంచి కుస్తీ పడతాండా. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి హిందీకి బాగానే పోతాది, ఆడికి పోయి కదలకుండా నిలబడతాది. తప్పు కూడా సరిగ్గా చేసేకి రాలేదప్పా నాకు.