నీలం ఎముకలు

మ్యూజియంలో ఆమెను అందరూ ఎముకలక్క అంటారు. చదువు ఏడో తరగతితో ఆగింది. తండ్రి దగ్గర వెల్డింగు నేర్చుకుంది. తలుపు గడియలు బాగుచేయడానికి వచ్చి, విరిగిన ఏనుగు దవడకు ఇనుప ఊత చేసిపెట్టి, ఇరవై ఆరేళ్లుగా ఆ వెనకగదిలోనే ఉండిపోయింది. ఆ గదిలో ఆమె నియమం ఒకటుంది. పోయిన ఎముకకు బదులు ప్లాస్టరుతో చేసినదానికి ఎప్పుడూ అసలు ఎముక రంగు వేయదు.

ఈసారి చేతికొచ్చింది మోవా. నిప్పుకోడి కన్నా బరువైన పక్షి. ఎగరడం మాట అటుంచి, దానికి రెక్క ఎముకే లేదు. భూమ్మీద కనిపించకుండా పోయి వందల ఏళ్లయింది. ఎముకలక్క నాలుగు నెలలు దాని ఎముకలున్న పెట్టెల ముందే కూర్చుంది. కళ్లు మూసుకుని రెండు ఎముకలను ఆనించి తిప్పేది. ఒకచోట అవి టక్కున కుదురుకునేవి. వాటిని నిలబెట్టే ఇనుప కడ్డీని సరిగ్గా అక్కడే వంచేది. అలా కూరిస్తే మెడ నిటారుగా లేవలేదు, ముందుకు వంగింది.

డైరెక్టరు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటమ్మా, మేతకొచ్చిన గేదెలా ఉంది? బోర్డు మీద పన్నెండు అడుగులని రాయించాను."

"ఎనిమిదే వచ్చింది సార్."

"మెడలో ఇంకో మూడు ఎముకలు ప్లాస్టరుతో చేసి పెట్టు. నిటారుగా లేపు. ఎవరు లెక్కపెడతారు?"

"నేను లెక్కపెట్టాను కదా సార్."

"సోమవారం ప్రారంభం. నీ వల్ల కాకపోతే వేరేవాళ్లను తెస్తా. నువ్వు గేటు దగ్గర కూర్చుందువు."

గేటు దగ్గర టిక్కెట్లు చింపేది ఆమె తమ్ముడే. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ బతిమాలాడు.

"అక్కా, చచ్చిన పక్షి కోసం బతికున్న ఉద్యోగం వదులుకుంటావా?"

"ఎముక ఒప్పుకోవడం లేదురా."

"ఎముకా, నువ్వా?"

"ఇద్దరం."

శుక్రవారం ఆమె మూడు ఎముకలు చేసింది. ఎక్కడా గరుకు లేకుండా రుద్దింది. ముదురు నీలం రంగు వేసి, ఆరాక తీసుకెళ్లి డైరెక్టరు బల్ల మీద వరసగా పెట్టింది.

"చెప్పినట్టే చేశాను సార్. ఎక్కించమంటారా?"

"నీలం రంగేంటి!"

"ఆ పక్షికి లేని ఎముకలు సార్ ఇవి. వీటికి అసలు రంగు నా చేత్తో వేయను. వేరేవాళ్లతో వేయిస్తారా, వేయించండి. నేను గేటు దగ్గరే ఉంటాగా. వచ్చిన ప్రతివాడికీ ఏ మూడు దొంగవో చెప్పి లోపలికి పంపుతా."

ఆయన ఎముకలను, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"ఎంత పొగరు నీకు!"

"అవును సార్."

సోమవారం పొద్దున పెయింటరు నిచ్చెనెక్కి బోర్డు మీది పన్నెండును చెరిపి ఎనిమిది రాశాడు. లోపల మోవా వంచిన మెడ వంచినట్టే నిలబడింది. ఎముకలక్కకు మాత్రం గేటు డ్యూటీ తప్పలేదు. తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుని టిక్కెట్లు చింపుతోంది.

"ఇంతేనా ఎత్తు?" అన్నాడొకడు, బోర్డు చూసి.

"అంతే. కావాలంటే టేపు ఇస్తాను, కొలుచుకోండి," అంటూ నడుముకు వేలాడుతున్న టేపు తీసి చేతికిచ్చింది.