పద్నాలుగు రోజుల చప్పుడు

చప్పుడు కొలవడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే మా చేవెళ్లలో ఇప్పటికీ సగంమంది నవ్వుతారు. పెళ్లిచూపులప్పుడు మా మామగారు రెండుసార్లు అడిగారు, "వానను కొలుస్తరని ఇన్న, భూమిని కొలుస్తరని ఇన్న, చప్పుడును ఏం పెట్టి కొలుస్తవు బిడ్డా?" అని. నేను డెసిబెళ్ల గురించి పావుగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సర్కారు నౌకరేనా?" అన్నారు. కాదు. సర్కారు ఆఫీసు ఎక్కడ కొలవమంటే అక్కడ కొలిచి కాగితం ఇచ్చే ప్రైవేటు కంపెనీ. అయినా పిల్లనిచ్చారు, అది వారి మంచితనం.

ఆ పనిమీదే సురంగల్ దాటాక ఒక ఊరికి వెళ్లాను. రోడ్డుకు కొంచెం లోపల రెండు గదుల స్లాబు ఇల్లు, వెనక రేకుల కొట్టం, కొట్టం పక్కన చామంతి తోట. తోట గట్టు అవతల ఒక ఫంక్షన్ హాలు. సిటీలో బండ్లు ఆపుకునే జాగా లేక, పెళ్లి బారాత్‌లన్నీ గండిపేట దాటి ఇటు వస్తున్న రోజులివి. సాయంత్రం అయిదున్నరకు అక్కడ డీజే బాక్సులు పరీక్షించడం మొదలుపెడతారు. అదే పాలు పితికే వేళ. ఫిర్యాదు పెట్టింది ఆ ఇంటావిడ.

ఆవిడకు యాభై దగ్గర ఉంటాయి. నన్ను నేరుగా కొట్టంలోకి తీసుకుపోయి బర్రెను చూపించింది.

"పొద్దుగాల మంచిగనే ఇస్తది సారూ. మాపటికి ఆ డబ్బాలు గుమ్ గుమ్ అనంగనే చెవులు నిక్కబొడుస్తది, పాలు పైకి గుంజుకుంటది. దుడ్డెను ఇడిసినా పాలు చేపది. గిట్లనే ఉంటే ఒట్టిపోతది. ఒట్టిపోతే అంగడికి తోలుడే అంటున్నడు మా ఆయన."

"ఇంకొకటి కొనుక్కోవచ్చు కదక్కా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఏం మాట్లాడుతున్నవ్ సారూ! పుట్టంగనే తల్లి సచ్చిన దుడ్డె ఇది. సీసతోని పాలు తాపి సాదిన. నా ఎనుకనే ఇంట్లకు గూడ వచ్చేది."

బర్రె తల తిప్పి నన్ను చూసింది. దానికీ నా మీద మంచి అభిప్రాయం కలిగినట్టు లేదు.

గోడలకు దూరంగా, కొట్టానికీ తోటకూ మధ్య ఖాళీ జాగా చూసి ఇనుప కంబం నిలబెట్టాను. దాని కొనకు మైకు. మైకుకు గాలి హోరు తగలకుండా నల్లటి స్పంజి గుండు, గుండు మీద పక్షులు వాలకుండా సన్న తీగల ముళ్లు. కింద తాళం వేసిన పెట్టెలో మిషను. మైకు నిజం చెబుతోందా లేదా అని చూడటానికి ముందు దానికి తెలిసిన చప్పుడు ఒకటి వినిపించాలి. నేను రెండుసార్లు వినిపించాను. రెండుసార్లూ అంకె వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. ఇలాంటప్పుడు నాకు కాస్త గర్వంగా ఉంటుంది. చూసేవాళ్లు ఎవరూ ఉండరు, అదొక్కటే లోటు.

ఆవిడ మాత్రం చూసింది. "ఎండల పెడ్తున్నవ్, దీనికి గొడుగు అక్కర్లేదా?" అంది. అక్కర్లేదన్నాను. కంబానికి దండెం కట్టొద్దు, కోళ్లను దాని కింద కమ్మొద్దు, దగ్గర నిలబడి కేకలెయ్యొద్దు, ఎప్పుడెట్లా ఉంటారో అట్లాగే ఉండండి అని చెప్పాను. కోళ్ల గంప అప్పటికప్పుడే జరిపేసింది. ఇంతలో ఆమె భర్త పొలం నుంచి వచ్చాడు. మాట తక్కువ మనిషి.

"కొలత ఎప్పటి సంది సారూ?"

"రేపు పొద్దున్నుంచి."

"ఎన్ని దినాలు?"

"పద్నాలుగు."

తల ఊపాడు. కాళ్లు కడుక్కున్నాడు. ఉతికిన అంగీ తొడుక్కుని బండి తీసి వెళ్లిపోయాడు. మొయినాబాద్‌కు తౌడు కోసం పోతున్నాడనుకున్నాను.

ఆ పద్నాలుగు రోజులూ నేను చేవెళ్లలో ఇంట్లో కూర్చుని ఫోన్లోనే అంకెలు చూశాను. ఎంత శుభ్రంగా వచ్చాయని! పొద్దున కోళ్లు, మధ్యాహ్నం ట్రాక్టరు, సాయంత్రం దూరంగా పాటలు, అవి కూడా ఇంట్లో రేడియో పెట్టుకున్నంత. పెళ్లిళ్లు లేవా అంటే, అది మంచి ముహూర్తాల కాలం. మా పనిలో ఉన్నవాళ్లకు ఒక నమ్మకం ఉంటుంది, ఫిర్యాదు పెట్టేవాళ్లకు చెవులు కొంచెం పెద్దవని. ఆ నమ్మకం మరోసారి రుజువైందనుకుని, పదిహేనో రోజు పొద్దున్నే రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపించేశాను. శబ్దం పరిమితి లోపలే ఉన్నది. మిషను ఎక్కడా మొరాయించలేదు. అసలు నా సర్వీసులో అంత చక్కటి రిపోర్టు రాయలేదు.

సాయంత్రం కంబం విప్పడానికి వెళ్తే ఆవిడ ఎదురొచ్చి చాయ్ ఇచ్చింది. చిక్కటి చాయ్.

"దీని పాలే తమ్మీ," అంది. నాది చేవెళ్ల అని తెలిశాక సారు పోయి తమ్మి అయ్యాను. "నీ మిషన్ పెట్టినప్పటి సంది మాపటికి గూడ బకెట్ నిండుతున్నది. డబ్బాలు మోగుతనే లెవ్వు. జర తీస్కపోకు, ఈడనే ఉండనీ."

నేను గ్లాసు దించాను. "మోగట్లేదా? మిషను పెట్టినట్టు వాళ్లకెట్లా తెలుసు?"

కొట్టంలో పలుపు సరిచేస్తున్న భర్త తలెత్తకుండానే, "నేనే చెప్పిన," అన్నాడు.

"నువ్వు చెప్పినవా?" ఆవిడ అటు తిరిగింది.

"చెప్పకుంటె ఎట్ల? రేపు గట్టు కొలిపిస్తమంటె పక్క పొలమాయనకు చెప్పమా? కొలత ఇద్దరి ముంగట కావాలె. అసొంటిది, ఆయన చప్పుడు ఆయనకే చెప్పకుండ కొలుస్తమా? హాలు పటేల్ గూడ మంచిగ మాట్లాడిండు. చాయ్ తాపిండు. కొలిచినన్ని దినాలు ఏం ఫికర్ జెయ్యకు అన్నడు."

"నీ మర్యాదల మన్నువడ! దొంగ చేతికి తాళంచెయ్యిచ్చి చాయ్ తాగొచ్చినవా!"

ఆయన మళ్లీ పలుపు మీదికి వంగాడు. ఆయన్ని నేనేం తప్పుపట్టను? మా ఇంట్లోనూ అంతే. పొలం సర్వే పెట్టించినప్పుడు, మా బాపుకు పక్క పొలమాయనతో మూడేళ్లుగా మాటల్లేకున్నా, పోయి గడప బయట నిలబడి తారీకు చెప్పి వచ్చాడు. చెప్పకుండా కొలిస్తే అది కొలత కాదు, కుట్ర. చేవెళ్లలో పుట్టి పెరిగిన నాకు ఇది ముందే తట్టాలి. ఉతికిన అంగీ తొడుక్కుని తౌడుకు ఎవడు పోతాడు? నాకు నిజంగా సిగ్గేసింది.

అక్కడే నిలబడి మా పైఆఫీసరుకు ఫోన్ చేశాను. ఇంకో పద్నాలుగు రోజులు ఉంచుదాం సార్ అన్నాను.

"కొలతలో తప్పుందా?"

"లేదు సార్."

"మిషన్ సరిగ్గా పనిచేసిందా?"

"చేసింది సార్, కానీ..."

"మరింకేంటయ్యా? రేపు శంకర్‌పల్లిలో పెట్టాలి దాన్ని. రిపోర్టు వెళ్లిపోయింది కూడా."

కంబం విప్పాను. మైకుకు తెలిసిన చప్పుడు మళ్లీ వినిపించాను, అది నిబంధన. అంకె మళ్లీ సరిగ్గా వచ్చింది. ఆ అంకెను చూస్తే ఒళ్లు మండింది. గట్టు అవతల హాలు గేటు దగ్గర ఒకతను నిలబడి ఇటే చూస్తున్నాడు. కంబం నేలకు దిగగానే చెయ్యెత్తి, "అయిపోయిందా అన్నా? పెండ్లున్నది, తినిపో!" అని కేకేశాడు. పిలుపులో ఏ వంకా లేదు, నిజంగానే పిలిచాడు.

పెట్టె కారులో పెడుతుండగా "హలో, చెక్, చెక్" అని వినిపించింది. ఆ వెంటనే కారు అద్దాలు అదిరాయి. ఆవిడ బకెట్ పట్టుకుని కొట్టంలోకి పోయి దుడ్డెను విడిచింది. దుడ్డె పొదుగును కుమ్ముతోంది. బర్రె చెవులు నిక్కబొడుచుకుని హాలు వైపు చూస్తూ నిలబడింది. ఆవిడ దాని మెడ నిమురుతూ ఏదో చెబుతోంది, ఆ మోతలో నాకు వినపడలేదు. చాలాసేపు చూసి, ఖాళీ బకెట్ బోర్లించింది. నా వైపు చూడలేదు.

తర్వాత నేను నాలుగు ఉత్తరాలు రాశాను, మళ్లీ కొలవాలని. వాటికి జవాబు రాకముందే ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నీ కాయిదం వచ్చింది. సదివిపిచ్చుకున్నం. చప్పుడు లేదని రాసినవంట."

"అక్కా, మళ్లీ పెట్టమని అడుగుతున్నా..."

"ఎందుకు పెడ్తవ్? ఒట్టిపోయింది. మొన్న అంగడికి తోలినం దాన్ని. కొనెటోళ్లు అడగరా, ఈనిన మంచి బర్రె, పాలెందుకు ఇస్తలేదని? చప్పుడుకు బెదురుతదని నేను చెప్పిన. మా ఆయన సంగతి నీకు ఎరికేనాయె. దాచిపెట్టి అమ్మొద్దని నీ కాయిదం తీసి సూపిచ్చిండు. చప్పుడేం లేదని సర్కారే రాసిచ్చిందంటే ఇగ ఐబు, లోపం, బర్రెదే గద. ఐబున్నదాన్ని పాడికెవరు కొంటరు? కోతకు పోయింది."

అటువైపు ఆవిడ ముక్కు చీదడం వినిపించింది.

"దానికేం ఐబు లేదు తమ్మీ. నీకు తెలుసు గద?"

"తెలుసక్కా," అన్నాను.

"గదే. ఒక్కలన్న ఆ మాట అనాలెనని ఫోన్ చేసిన," అని పెట్టేసింది.