పిన్నిగారి పద్యం, నా మూడు ఫోన్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విద్య లేదు. ఎడిటింగ్ నేర్చుకుని ఆరు నెలలు కాకపోయినా, బందరులో నా అంతటి ఎడిటర్ లేదని నా గట్టి నమ్మకం (రెండో ఎడిటర్ ఉన్నారో లేదో విచారించలేదు). మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య వీడియో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి, మాట్లాడే పని తను ఉంచుకుని మిగతా చాకిరీ అంతా నాకు అప్పగించాడు. స్టూడియో అంటూ ఏమీ లేదు. ఇంట్లో అయితే గోడలకు బొంతలు వేలాడదీసేదాన్ని. గూడూరులో రైస్‌మిల్లు ఆగేదాకా కాచుకుని రికార్డు చేశాం. పాలకాయతిప్పలో సముద్రపు గాలి హోరుకు తట్టుకోలేక మైకుకు అన్నయ్య సాక్సు తొడిగాను (ఉతికిందే).

అలా ఒకసారి గుడివాడలో ఒక హార్మోనియం మాస్టారింటికి వెళ్లాం. ఆయన నలభై ఏళ్లు పద్యనాటకాలకు వాయించారు. ఆయన భార్య అవే నాటకాల్లో కథానాయిక. ఆవిడను మేం పిన్నిగారు అనేవాళ్లం. "వచ్చే సోమవారం మీ పిన్నికి గొంతు ఆపరేషనమ్మా. ఆ తర్వాత పాడటం కుదరదని డాక్టరుగారు చెప్పేశారు. ఈ ఒక్క పద్యం జాగ్రత్తగా పట్టండి" అన్నారు మాస్టారు. "మీరు నిశ్చింతగా ఉండండి మాస్టారూ" అన్నాను, ఎంత ధీమాగానో.

మూడు ఫోన్లు మూడు మూలల పెట్టి, ధ్వనికి వేరే రికార్డరు, ఆవిడకొక మైకు, హార్మోనియానికొక మైకు అమర్చాను. ఫోన్లలో శబ్దం ఎలాగూ పనికిరాదని పూర్తిగా ఆపేశాను (ఆ తెలివి నాదే). బొమ్మనూ ధ్వనినీ తర్వాత కలపడానికి గుర్తుగా అన్నయ్య ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. కొట్టాడు. మాస్టారు మర్యాదస్తులు, ఆయనా కొట్టారు. పద్యం ఉందని తెలిసి వచ్చిన ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "ఒక్కరే కొట్టాలండీ" అని బతిమాలితే "అయ్యో, అలాగేనండీ!" అని దానికీ కొట్టారు. ఆపైన ఆ మూడు ఫోన్లలో ఏదో ఒకదానికి ఎవరో కాల్ చేసినప్పుడల్లా రికార్డింగు ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ అందరి చప్పట్లు. పిన్నిగారు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా రాగం ఎత్తుకున్నారు. అంత సన్నటి మనిషిలో ఆ గొంతు ఎక్కడ దాగిందో అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఇంటికొచ్చి చూస్తే పదకొండు ముక్కలు, లెక్కలేనన్ని చప్పట్లు. ఏది అన్నయ్యదో, ఏది పక్కింటావిడదో తేలదు. పెదవులు చూసి కలుపుదామంటే ఆవిడ 'ఆ' అని ఎత్తుకున్న నోరు నిమిషమైనా మూయలేదు. వారం రోజులు కుస్తీ పట్టాను. ఈలోగా సోమవారం రానూ వచ్చింది, ఆపరేషన్ అయిపోయింది. ఇంకోసారి పాడండి అనడానికి గొంతు లేదు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి లాప్‌టాప్ పట్టుకుని గుడివాడ వెళ్లి తప్పు ఒప్పేసుకున్నాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూశారు. "నోరు చూస్తావేంటమ్మాయ్? ఊపిరి చూడు" అని, తెర మీద పిన్నిగారి భుజం దగ్గర చీర అంచు కదిలే చోట వేలు పెట్టారు. "ఇదిగో, ఇక్కడ ఎత్తుకుంటుంది." అక్కడ ధ్వని పెట్టాను. అతికినట్టు సరిపోయింది. ఒకటి కాదు, పదకొండు ముక్కలూ! "మీకెలా తెలుస్తోంది మాస్టారూ?" అన్నాను. "స్టేజీ మీద తను ఎత్తుకునేసరికే నా వేళ్లు హార్మోనియం మెట్ల మీద ఉండాలి కదమ్మా. ఇన్నేళ్లూ నేను చూసింది ఆ ఊపిరే" అన్నారు.

ఆఖరి పాదంలో మాత్రం హార్మోనియం ఒక క్షణం వెనకబడింది. నా ప్రతాపం చూపించే అవకాశం దొరికింది. "వేరే మైకే కాబట్టి ముందుకు జరిపేస్తాను మాస్టారూ, ఎవరికీ తెలియదు" అన్నాను. "వద్దమ్మా. ఇదే ఆఖరు కదా అని తన మొహం చూస్తూ వాయించడం మరిచాను. ఉండనీ" అన్నారు. గొంతుకు కట్టుతో పక్కనే కూర్చున్న పిన్నిగారు మాట్లాడకూడదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పటికీ ఆ ఎపిసోడ్ కింద ఎవరో ఒకరు, చివర్లో హార్మోనియం ఆలస్యమైంది, ఎడిటర్ చూసుకోలేదు అని కామెంట్ పెడుతుంటారు. అప్పటి నేనైతే వాళ్లతో పోట్లాడేదాన్ని. ఇప్పుడు "నిజమేనండీ, తప్పు నాదే" అని రాసేసి, ఆ క్షణం ఇంకోసారి వింటాను.