తగ్గించిన ఐదు రౌండ్లు

మా చెల్లెలు ముప్ఫై తొమ్మిదో ఏట కరాటే నేర్చుకోవడం మొదలుపెట్టి, యాభై ఒకటో ఏట బ్లాక్ బెల్ట్ పరీక్షకు నిలబడింది. ఆ పన్నెండేళ్ళ హాజరు కార్డులు పన్నెండూ నా దగ్గర ఉన్నాయి. ‘పద్దెనిమిది నెలల్లో బ్లాక్ బెల్ట్’ అని ఎవరో అచ్చువేసి పంచిన కరపత్రాన్ని కూడా అదే కవరులో పెట్టాను. ఆ కరపత్రాన్ని నమ్మినవారే ఆమెను చూసి, “ఇంకా నేర్చుకుంటూనే ఉందా?” అని నవ్వారు. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

ఆమెది ఇస్త్రీ కొట్టు. ఇరవై ఏళ్ళు బరువైన పెట్టెను కిందికి నొక్కీ నొక్కీ కుడి భుజం బిగుసుకుపోయింది. సూటిగా ముందుకు పోవలసిన గుద్దు, ఎదుట బల్ల ఉన్నట్టు కిందికి దిగేది.

“అమ్మా, అక్కడ చొక్కా లేదు,” అనేవాడు మాస్టరు.

“నాకు తెలుసు సార్. చేతికి తెలియడం లేదు.”

చేతికి తెలియడానికి రెండేళ్ళు పట్టింది. వారానికి మూడు సాయంత్రాలు కొట్టు మూసి, ఒక బడి భోజనశాలకు వెళ్ళేది. బల్లలు మడిచి గోడకు చేర్చి, నేల తుడిచాకే అక్కడ తరగతి. ఒకసారి కాలి బొటనవేలు విరిగింది. అత్తగారు మంచాన పడ్డ ఏడాది కార్డులో పదకొండే సంతకాలు ఉన్నాయి. బ్లాక్ బెల్ట్‌కు ముందు మెట్టయిన గోధుమరంగు బెల్టు దగ్గరే నాలుగేళ్ళు ఆగింది. తనకంటే ఆలస్యంగా చేరినవారు దాటిపోతుంటే, వాళ్ళకే ఎదురు నిలిచి సాధన చేయించింది.

పరీక్షలో చివరి అంశం పోరు. నియమావళి ప్రకారం రెండేసి నిమిషాల రౌండ్లు పది. ప్రతి రౌండుకూ కొత్త ప్రత్యర్థి. ఐదో రౌండు ముగియగానే ప్రధాన పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు.

“చాలమ్మా. మీ వయసుకు ఇదే ఎక్కువ.”

బెల్టు కట్టారు. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే ఆమె దాన్ని చుట్టచుట్టి తీసుకుని, భర్తతో కలిసి మా ఇంటికి వచ్చింది.

“అన్నయ్యా, ఆ నియమాల కాగితంలో వయసు ఊసు ఎక్కడైనా ఉందా?”

రెండుసార్లు చదివాను. లేదు.

“అయితే ఇది నాది కాదు.”

“ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించింది తిరిగి ఇచ్చేస్తానంటోంది. మీరైనా చెప్పండి బావగారూ,” అన్నాడు ఆమె భర్త.

“సగం చొక్కా ఇస్త్రీ చేసి పూర్తయిందంటే నువ్వు తొడుక్కుంటావా?” అని అడిగింది ఆమె.

పరీక్షకులకు ఉత్తరం రాయడానికి నేను కలం తీశాను.

పంతొమ్మిది రోజులకు మూడు వాక్యాల జవాబు వచ్చింది: అభ్యర్థి పట్ల గౌరవంతోనే మినహాయింపు ఇచ్చారట. అడగని కనికరానికి గౌరవమని పేరు పెట్టడం పెద్దమనుషులకు వెన్నతో పెట్టిన విద్య. రెండో ఉత్తరం ఘాటుగానే రాశాను. ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష పెడతామనీ, పది రౌండ్లూ పూర్తి చేయకపోతే ఇచ్చిన బెల్టు రద్దవుతుందనీ బదులిచ్చారు. ఎడమ మోకాలు అరిగిందని వైద్యురాలు అప్పటికే హెచ్చరించింది. చేతికందినదాన్ని కాలదన్నుకుంటోందని వీధి వీధంతా అంది. ఆమె ఒప్పుకుంటూ సంతకం చేసి, మరునాటి నుంచి పాత గోధుమరంగు బెల్టే కట్టుకుని సాధనకు వెళ్ళింది.

రెండో పరీక్షకు నేనూ వెళ్ళాను. ఏడు రౌండ్లు నిలిచింది. ఎనిమిదో రౌండులో ఆ మోకాలి మీదే పడింది. ఆమె భర్త గోడవైపు తిరిగాడు. ఆమె అరచేతులు నేలకు ఆనించి లేచింది. తొమ్మిదో రౌండు ఎలా గడిచిందో నేను చెప్పలేను. పదో ప్రత్యర్థి ఇరవై ఏళ్ళ పిల్ల. కనికరించలేదు, అందుకు ఆ పిల్లకు నా నమస్కారం. మా చెల్లెలు ముఖానికి అడ్డంగా రెండు చేతులూ నిలిపి, బరి గీత దాటకుండా, గంట మోగేదాకా నిలబడింది.

పరీక్షకులు ఇరవై నిమిషాలు తర్జనభర్జన పడ్డారు. చివరికి ప్రధాన పరీక్షకుడు లేచి, “పదీ పూర్తయ్యాయి,” అని మాత్రమే అని బెల్టు కట్టాడు. ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరికీ తోచలేదు.

మాస్టరు దగ్గరికి వచ్చాడు. “చివరి రౌండులో నీ నుంచి ఒక్క గుద్దూ లేదమ్మా.”

“తెలుసు సార్. సోమవారం వస్తాను.”

మూడు రోజులు చేతులు పైకి లేవక ఆమె పీట మీద కూర్చుంటే, భర్తే ఇస్త్రీ చేశాడు. కాలర్లు చూసి ఇద్దరు తమ చొక్కాలు వెనక్కి పంపారు. సోమవారం సాయంత్రం ఆమె కుంటుతూనే తరగతికి బయలుదేరింది.