పాడైన మైకులో నా బిడ్డ గొంతు

దయ్యాలు, భూతాలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా పుట్టింటివాళ్లు రేగుంటలో వరి పండించేవాళ్లు. కోతలప్పుడు పొలంలో మంచె మీద నాన్న పక్కన నేనూ పడుకునేదాన్ని. ఏటి వైపు ఏదో ఏడ్చినట్టు వినపడితే నక్క అనేవాడు. ఏదైనా మెరిస్తే చేపలు పట్టేవాళ్ల బ్యాటరీ లైటు అనేవాడు. అట్లా ప్రతిదానికీ ఒక కారణం వెతకడం నాకు అలవాటైంది. పెళ్లయ్యాక సిరొంచ బస్టాండు దగ్గర మా ఆయనతో కలిసి బట్టల దుకాణం నడుపుతున్నాను. దిష్టికని గుమ్మానికి నిమ్మకాయ కూడా కట్టను. కింద రాసేది భయస్తురాలి మాట కాదని తెలియాలనే ఇంత చెప్పాను.

మా పెద్దమ్మాయి స్వప్న స్టేషన్ మాస్టర్.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మా సిరొంచకు రైలు లేదు. రైలెక్కాలంటే ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల పోవాలి. లేదంటే మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో అహేరి మీదుగా బల్లార్షా దాకా నడుములు పడిపోయేలా కూర్చోవాలి. పట్టాలే లేని ఊళ్లో పుట్టిన పిల్ల రైళ్లను ఆపి పంపే ఉద్యోగం తెచ్చుకుంది. కాజీపేట - బల్లార్షా మెయిన్ లైన్ మీద ఒక చిన్న స్టేషన్‌లో వేశారు. దాని పేరు రాయను. పిల్ల ఉద్యోగంతో ముడిపడిన సంగతి.

ఒక వానాకాలం, పగటిపూట, ఆమె డ్యూటీ ఎట్లా చేస్తుందో చూడాలని వెళ్లాను. తెల్ల చొక్కా వేసుకొని ఫోనులో ముందు స్టేషన్‌తో మాట్లాడుతోంది. నన్ను చూసి కళ్లతోనే బెంచీ చూపించింది. నేను బెంచీ మీద కూర్చొని, వచ్చేపోయేవాళ్లు ఆమెను ‘మేడం’ అంటుంటే వింటూ ఉన్నాను. ఎంత విన్నా తనివి తీరలేదు.

అంతకుముందు పడిన పిడుగుకు స్టేషన్ మైకు పాడైంది. అనౌన్స్‌మెంట్లు లేవు. ఏ రైలు ఎప్పుడొస్తుందో అడగడానికి జనం ఆమె గది దగ్గరికే వస్తున్నారు. మైకు పెట్టె మూత తీసి, వైర్లు విప్పి, మూలన పెట్టి ఉంది. అది నా కళ్లతో చూశాను.

మధ్యాహ్నం ఒక ప్యాసింజర్ వచ్చి అవతలి ప్లాట్‌ఫారానికి అటుపక్క ఆగింది. వెనుక ఒక సూపర్‌ఫాస్ట్ వస్తోందని, దాన్ని ముందు పంపాలని స్వప్న చెప్పింది. అది మా స్టేషన్‌లో ఆగదు. రెండు ప్లాట్‌ఫారాల మధ్య ఉన్న పట్టాల మీద దూసుకుపోతుంది. స్వప్న పచ్చజెండా పట్టుకొని బయటికి వచ్చి నిలబడింది. నేనూ వెళ్లి పక్కనే నిలబడ్డాను, చెయ్యి చాచితే అందేంత దగ్గర.

జల్లు పడుతోంది. ప్యాసింజర్ దిగినవాళ్లు మెట్ల వంతెన ఎక్కే ఓపిక లేక, మూటలతో, గొడుగులతో పట్టాల మీదికి దిగడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలు. రైలు వంపు తిరిగి వస్తోంది. ఆగి ఉన్న ప్యాసింజర్ అడ్డం, వాళ్లకు కనపడదు. మాకు కనపడుతోంది.

స్వప్న జనం వైపు చెయ్యి ఊపుతూ నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు వణికాయి, అంతే. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

అప్పుడు నెత్తి మీది స్పీకరులోంచి వినపడింది.

“ఆగుండ్రి! ఎవ్వరు దాటకుండ్రి! ఎనకకు పోండ్రి!”

అది స్వప్న గొంతు. తమ్ముణ్ని కేకలేసేటప్పుడు వచ్చే అదే జీర. పట్టాల మీది జనం వెనక్కి తోసుకుంటూ పోయి అవతలి ప్లాట్‌ఫారం ఎక్కారు. మరుక్షణమే రైలు మా మధ్య గోడలా పరుగెత్తింది. అది పోయాక చూస్తే, మనుషులంతా అటువైపు నిలబడి ఉన్నారు. పట్టాల మధ్య ఒక గొడుగు నలిగిపోయి ఉంది.

అందరూ వంతెన ఎక్కి మా దగ్గరికి వచ్చారు. ముందుగా వచ్చినాయనది చంద్రపూర్‌లో వ్యాపారమట. చేతులు జోడించి మరాఠీలో అన్నాడు, “పోరీ, నువ్వు ‘థాంబా, థాంబా’ అని అరవకపోతే ఈపాటికి మా ఇంట్లో ఏడుపులే.”

థాంబా అంటే మరాఠీలో ఆగండి అని. నేను మాత్రం ఆ మాట వినలేదు. తొందరలో నా చెవిన పడలేదేమో అనుకున్నాను.

ఆ వెనుకే బామ్ని అనే ఊరికి అవతలి అడవి పల్లెకు చెందిన ఒక గోండు ముసలామె, మనవరాలిని చంకనేసుకొని వచ్చింది. స్వప్న చెంప నిమిరింది.

“మా మాట గింత మంచిగ ఎట్ల నేర్చినవ్ బిడ్డా?”

“ఏ మాట అవ్వా?”

“గోండి. గోండిలనే గద నువ్వు ఆగుమన్నది. నాకు తెలుగైతే జర ఆలస్యంగ సమజైతది. గోండిల అంటివి, ఎంటనే ఆగిన.”

స్వప్నకు తెలుగు, మరాఠీ, హిందీ వచ్చు. గోండిలో ఒక్క ముక్క రాదు.

ఈలోగా ఊరి పెద్దమనిషి ఒకాయన కొట్టు నుంచి శాలువా తెప్పించాడు. ఫోన్లు పైకి లేచాయి. స్వప్న రెండడుగులు వెనక్కి వేసింది.

“నాకు శాలువ వద్దు పెద్దనాయనా. గది నేను కాదు. ఒర్లాలని నోరు తెరిచిన, గొంతు రాలే. మైకు సుత కాలిపోయి ఉన్నది, రాండ్రి, చూపిస్త.”

లోపలికి తీసుకుపోయి ఊడిన వైర్లు చూపించింది. జనం వింతగా చూశారు. కొందరు మేడం మొహమాటపడుతోంది అనుకున్నారు. ఆ శాలువా కప్పించుకుంటే కాదనేవాళ్లు ఎవరూ లేరు. తనది కాని మెప్పును నా బిడ్డ అంతమంది ముందు వద్దంది. ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా నా ఛాతీ అంత పొంగలేదు.

జనం వెళ్లిపోయాక గదిలో అడిగింది, “అమ్మా, నిజంగ నా గొంతేనా?”

“నీ గొంతే బిడ్డా. నేను గుర్తు పట్టనా?”

“అందరు విన్నమంటున్నరు. నాకైతే రైలు కూత తప్ప ఏం వినరాలే.”

అప్పటిదాకా లేని చలి అప్పుడు పుట్టింది నాకు.

తరువాత మైకు బాగుచేయడానికి వచ్చిన అతను లోపలంతా మాడిపోయిందని, కొత్తది పెట్టాల్సిందేనని చెప్పి వెళ్లాడు. నాన్నలాగా నేనూ కారణం వెతికాను. ఎవరో ప్లాట్‌ఫారం మీద అరిచి ఉంటారా? మరి అది స్పీకరులోంచి ఎట్లా వస్తుంది? భయంలో ఎవరి భాషలో వాళ్లు విన్నట్టు అనిపించిందా? అయితే అందరూ ఒకే క్షణంలో ఎట్లా వింటారు? ఒక్కటీ పూర్తిగా అతకలేదు. దయ్యం అనడానికీ నోరు రాదు. ప్రాణాలు కాపాడినదాన్ని ఆ మాట అనబుద్ధి కాదు.

ఇప్పుడు కొత్త మైకు వచ్చింది. స్వప్న ఆ ముసలామె ఊరు కనుక్కొని, సెలవులో వెళ్లి, గోండిలో నాలుగు మాటలు నేర్చుకొని వచ్చింది. మొన్న నేను వెళ్లినప్పుడు ప్యాసింజర్ ఆగి ఉంది. మైకు ముందు నిలబడి తెలుగులో, మరాఠీలో, గోండిలో పట్టాలు దాటొద్దని చెప్పింది. గోండి మాట దగ్గర కాస్త తడబడింది. అవతలి ప్లాట్‌ఫారం మీద ఎవరో నవ్వారు, కానీ వంతెన వైపే నడిచారు.

ఆ రోజు పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు పిలుస్తున్నది మాత్రం నా బిడ్డే.