కిటికీలోంచి వేసిన సంచి

మొన్న మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే బస్సులో ఒక విద్యార్థి, బరువైన సంచి మోసుకుంటూ ఎక్కిన స్నేహితుణ్ణి చూసి, "ఏందిరా, బాంబు పట్టుకొస్తున్నవా?" అన్నాడు. కుర్రవాళ్ళంతా నవ్వారు, నా వయసు వాళ్ళం మాత్రం నవ్వలేకపోయాము.

నగరంలో పేలుళ్ళు జరిగిన తరువాతి వారం నాకు గుర్తుకు వచ్చింది. దూలపల్లిలో కొలత పరికరాలను సరిచూసే ఉద్యోగంలో నేను కొత్తగా చేరిన రోజులవి. నాయినను ఆసుపత్రిలో చూపించడానికి అమ్మా నేనూ మేడ్చల్ బస్టాండుకు వచ్చాము. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలో సంచో వేసి, ఆ తరువాత నింపాదిగా తలుపు వైపు నడవడం అప్పట్లో అందరి అలవాటు. అలా వేసిన దానిని మరొకరు కదిలించేవారు కారు. అమ్మ కూడా తన సంచి వేసి, నాయిన చేయి పట్టుకుని మెల్లగా నడిపించుకు వస్తోంది. సంచిలో ఒక స్టీలు డబ్బా, అందులో మంచుముక్కల మధ్య గుడ్డలో చుట్టిన ఇన్సులిన్ సీసా. మేము తలుపు చేరేలోగా, మనిషి లేని ఆ సంచినీ, చల్లటి డబ్బా చెమర్చడంతో దాని అడుగు నుంచి కారుతున్న నీటినీ ఎవరో చూసి అరిచారు. క్షణంలో బస్సు ఖాళీ అయింది.

బస్టాండులో కాపలా ఉన్న కానిస్టేబుల్ పొడవాటి కర్రతో సంచిని కిటికీలోంచి బయటికి నెట్టబోయాడు. సీసా పగిలితే ఆ పూట నాయినకు మందు లేదు.

"ఆగు బిడ్డా, అది నాదే. మా ఆయన సూదిమందు," అంది అమ్మ.

"నీదైతే నువ్వే తెరిచి సూపియ్యి. మిగిలినోళ్ళు దూరం జరుగుండ్రి," అన్నాడతడు, నా భుజం పట్టి ఆపుతూ.

ఖాళీ బస్సులో అమ్మ ఒక్కతే నిలబడి మూత లాగింది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోవడం వల్ల అది బిగుసుకుపోయింది. నా ఉద్యోగం వల్ల ఆ కారణం నాకు తెలుసు, కానీ కానిస్టేబుల్ నన్ను ముందుకు కదలనివ్వలేదు. వంటింట్లో చేసే విధంగానే ఆమె డబ్బా అంచును కిటికీ కమ్మీకి గట్టిగా కొట్టింది. ఆ చప్పుడుకు సగం మంది నేల మీద పడుకున్నారు. నాయిన మాత్రం బస్సు వైపే నడిచాడు.

మూత ఊడింది. అమ్మ సీసా ఎత్తి చూపింది.

"ఇంతేనా, బాంబమ్మా? మా పాణాలు తీస్తివి గద," అన్నారెవరో.

ఆ పేరు మాకంటే ముందే మా వీధికి చేరి, ప్రేమగానే స్థిరపడింది. పేలుళ్ళలో పోయిన వారి పేరు ఒక్కటైనా ఇప్పుడు మా వీధిలో ఎవరూ చెప్పలేరు. అమ్మ పోయాక కూడా ఆమెను మాత్రం బాంబమ్మగానే తలుచుకుంటారు. ఆ పిలుపు మీద ఆమెకు కోపం ఉండేది కాదు. అయితే మరెన్నడూ సీటు కోసం సంచి వేయలేదు. దానిని గుండెకు హత్తుకుని నిలబడే ప్రయాణించేది. లేచి చోటివ్వబోయే ఎరిగినవాళ్ళు సైతం ముందు ఆ సంచిని చూసి, ఆ తరువాతే ఆమె ముఖం చూసేవారు.